మూడు వేళ్ల సందు

ఆ ఎండాకాలమంతా నేను పొద్దున లేవగానే ఎవరి కంటా పడకుండా మూడు పనులు చేసేవాణ్ణి. తల వంచి గదవను, అంటే గడ్డాన్ని, ఛాతీకి ఆనించడం ఒకటి. రెండు చేతులూ ఎత్తి తల వెనక వేళ్లు కలపడం రెండు. మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం మూడు. ఎవరైనా చూస్తే యోగా అనుకుంటారు. మా దేవరకొండ పక్క పల్లెల్లో బడికి వెళ్లినవాళ్లు మాత్రం అనుకోరు. వాళ్లకు ఎక్కాల కంటే ముందు వచ్చేది ఈ పరీక్షే.

నేను చదివే రోజుల్లో ఆరోగ్య కార్యకర్త ఏడాదికోసారి వచ్చి పిల్లలందరినీ ఎండలో వరసగా నిలబెట్టేది. ఆమె చెప్పిన మూడూ చేసినవాళ్లు ఇటు, చేయలేనివాళ్లు అటు. మూడో తరగతిలో నా పక్కన నిలబడ్డ బీరన్నకు గదవ దిగలేదు. వాడు సిగ్గుపడి నవ్వాడు, ఆమె కాగితం మీద ఏదో రాసుకుంది, వాడు అటువైపు వెళ్లాడు. ఆ తర్వాత నేను గురుకులంలో చేరి సెలవులకు ఇంటికొచ్చినప్పుడల్లా వాడి నడుము ఇంకొంచెం వంగి కనిపించేది. నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి మనిషిని బిగించేస్తుందని నేను పుస్తకంలో చదివింది చాలా ఏళ్లకు. అప్పటికే నాకు బీరన్న తెలుసు, మా నాయిన తెలుసు.

మా నాయిన ఇస్రాయేలుకు యాభై ఆరేళ్లు. పదిహేనేళ్లుగా ఆయన నేలను చూస్తూనే నడుస్తున్నాడు. ఆదివారం ప్రార్థనకు ముందు ఆయనకు గడ్డం గీసే పని, నేను ఊళ్లో ఉంటే, నాది. నేను కింద కూర్చుని, నా మొహం పైకెత్తి గీయాలి. ఆ మెడ ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో నా అరచేతికి తెలుసు. బలవంతం చేస్తే రాదు. గోడకు చేయి ఆనినట్టు ఆగిపోతుంది.

ఆ ఏడు, అంటే 2023లో, జనవరిలో ఒక ఫొటో షూట్ మధ్యలో కెమెరా నుంచి తల ఎత్తబోతే నా మెడ పట్టేసింది. రెండు రోజుల్లో పోవాల్సింది నెలయినా పోలేదు. ఒక ఉదయం హైదరాబాదు యూసుఫ్‌గూడలోని నా కిరాయి గదిలో, అద్దం ముందు ఊరికే గదవ దించి చూశాను. ఛాతీకి ఒక వేలు ఎడంగా ఆగింది. నాకు ముప్పై ఏళ్లు, అప్పుడప్పుడే నా పేరు నలుగురికి తెలుస్తోంది, నాకున్న ఆస్తల్లా కెమెరా పట్టుకునే ఈ రెండు చేతులూ దానిలోకి వంగే ఈ మెడా. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. నేను పిరికివాణ్ణి, దాచుకోవాల్సిన పని లేదు.

నేను ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ని. మొదట దేవరకొండలో ఒక స్టూడియోలో చేరాను. అక్కడ నాకిచ్చిన మొదటి పని పళ్లు తెల్లబరచడం. పాస్‌పోర్టు ఫొటో దిగడానికి ఎవరొచ్చినా, కంప్యూటర్లో, మా నీళ్లతో వాళ్ల పళ్ల మీద పడ్డ గోధుమరంగు మచ్చలు తుడిచి ఇవ్వాలి. ఎవరూ అడిగేవారు కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు. మా వైపు స్టూడియోల్లో అది రివాజు. అక్కడి నుంచి హైదరాబాదు వెళ్లి ఆరేళ్లు ఒకాయన వెనకాల లైట్లు మోసి, చివరికి సొంతంగా చీరల కేటలాగులు తీయడం మొదలుపెట్టాను.

నా ఫొటోలంటే జనం గుర్తుపట్టేది వాటిలోని నిలుచునే తీరుతోనే. నా మోడళ్లు తల బాగా దించి ఉంటారు. లేదంటే చేతులు తల వెనక పెట్టి, మోచేతులు బాగా విచ్చుకుని ఉంటారు. లేదంటే నడుము దగ్గర పూర్తిగా వంగి పాదాన్ని ముట్టుకుంటూ ఉంటారు, చీర కుచ్చిళ్లు నేలమీద పరుచుకుంటాయి. ఈ భంగిమలు నీకెక్కడివి అని ఎవరైనా అడిగితే నల్గొండ దగ్గరి పానగల్లు గుడి శిల్పాల నుంచి అని చెప్పేవాణ్ణి. చర్చికి పోయే ఇంట్లో పుట్టిన నేను ఆ గుడి శిల్పాలను నిలబడి చూసింది ఒక్కసారి, అదీ బస్సు తప్పిపోయినప్పుడు.

నిజమేమిటో ఇప్పుడు చెబుతున్నాను. ఎవరైనా కొత్త మనిషి నా ముందు నిలబడితే మొదట చేయించి చూడాలనిపించేది ఆ మూడే. వాళ్ల గదవ హాయిగా ఛాతీ మీదికి దిగితే నాకు ప్రాణం లేచొచ్చేది, చేయి దానంతటదే బటన్ నొక్కేది. చూసేవాళ్లకు ఆ ఫొటోలో అందం కనిపించేది. నాకు కనిపించేది బీరన్న వెళ్లిన వైపు వెళ్లక్కర్లేని మనిషి.

మార్చిలో ఒక చీరల కంపెనీ నుంచి స్నిగ్ధ గారు ఫోన్ చేశారు. కేటలాగుల పనంతా చూసేది ఆమే. నారాయణపేట చీరలు నలభై, ఎక్కడైనా పాత రాతి కట్టడం దగ్గర తీయాలన్నారు. మంచి బొమ్మ ఒకటి వస్తే హైవేల మీద హోర్డింగులు కూడా పెడతామన్నారు. నా నోటి నుంచి దేవరకొండ ఖిల్లా అని వచ్చేసింది. అన్న తర్వాత భయమేసింది. అక్కడ చేయడమంటే నెల రోజులు మా ఇంట్లో ఉండటం, నెల రోజులు నాయిన ఎదురుగా నా మెడను దాచడం.

నా పని పద్ధతి అది. ఏ చోటైనా ఫొటో తీసేముందు రోజుల తరబడి కెమెరా లేకుండా కూర్చుని, ఏ వేళకు వెలుగు ఏ రాయి మీద పడుతుందో నోట్‌బుక్కులో రాసుకుంటాను. ఏప్రిల్ మొదటి వారంలో ఊరికి వెళ్లాను. రోజూ పొద్దున, సాయంత్రం ఖిల్లా మెట్లమీద కూర్చోవడం, ఎండ ముదిరితే ఇంటికి రావడం.

ఇంటికి రాగానే అమ్మ సాలమ్మ నాకు వేరే చెంబులో నీళ్లిచ్చేది. అవి నల్లా నీళ్లు, సర్కారు పైపుల్లో వచ్చే కృష్ణా నీళ్లు. అమ్మా నాయినా చెల్లెలూ తాగేది పొలం బోరు నీళ్లు. నల్లా వచ్చి అయిదేళ్లయినా మా ఇంట్లో అవి బర్రెలకూ బట్టలకే. మందు వాసన వస్తాయని, అన్నం రుచి పోతుందని అమ్మ అనేది. అసలు సంగతి వాసన కాదు, నాయిన బోరు.

మా తాత ముత్తాతలెవరికీ సొంత జాగా లేదు. సర్కారు ఇచ్చిన రెండెకరాలు మా ఇంట్లో మొదట కళ్లజూసింది నాయినే. సర్కారు మనుషులు ఊళ్లో బోరింగుల నీళ్లు పరీక్ష చేసి, చెడ్డవాటికి ఎర్రరంగు పూసి వెళ్లినప్పుడు ఆయన నడుము అప్పటికే పట్టేసింది. నా పిల్లలకు ఈ విషం వద్దని అప్పోసప్పో చేసి పొలంలో బోరు వేయించాడు. చుట్టుపక్కల అందరివీ ఎండిపోయినా మాది మూడువందల అడుగుల్లో తియ్యటి నీళ్లు ఎగజిమ్మింది. ఎవరింటికొచ్చినా ముందు ఆ నీళ్లే ఇచ్చేవాడు, తాగేదాకా మొహం వైపు చూడలేక పాదాల వైపు చూస్తూ నిలబడేవాడు. పొలాల్లో బోర్లను పరీక్ష చేయడానికి ఎవరూ రాలేదు, మేమూ అడగలేదు. తియ్యగా ఉన్నాయి, లోతు నుంచి వచ్చాయి, అంతకంటే మంచి నీళ్లేముంటాయి అనుకున్నారు.

లోతు పెరిగినకొద్దీ ఆ విషం ఎక్కువ కూడా కావచ్చునని నాకు తెలుసు. నాలుగేళ్ల కిందట ఎక్కడో చదివాను. చదివిన రోజు నుంచి ఇంటికి వెళ్లినప్పుడు, నా పొట్టకు బోరు నీళ్లు పడటం లేదమ్మా అని చెప్పి నల్లా నీళ్లు తాగడం మొదలుపెట్టాను. ఆ నీళ్లు ఒకసారి పరీక్ష చేయిద్దాం నాయినా అనే ఒక్క వాక్యం మాత్రం నోట్లోనే ఉండిపోయింది. ఆయన గర్వపడే వస్తువు ఈ లోకంలో అదొక్కటే. ప్రతిసారీ వచ్చేసారి చెబుదామనుకునేవాణ్ణి.

నా చెల్లెలు రూపకు ఇరవై రెండేళ్లు. పదకొండో ఏట నాకు హాలియా అవతల గురుకులంలో సీటొచ్చి సాగర్ నీళ్లు తాగుతూ పెరిగాను. రూపకు కూడా సీటొచ్చింది గాని, అప్పటికి నాయినకు నడుము పట్టేసింది, ఇంట్లో ఒకరుండాలి అని పంపలేదు. డిగ్రీ దేవరకొండలోనే చదివి ఇంట్లో జాకెట్లు కుట్టేది. రోజూ పొద్దున స్కూటీ మీద రెండు క్యాన్లు పెట్టుకుని పొలం నుంచి నీళ్లు తెచ్చేది ఆమే. నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకునేది, అది మా ఊళ్లో సగం మంది ఆడపిల్లల అలవాటు. ఆసారి నేను వెళ్లేసరికి కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. బెల్టు తెగిందట. కొత్తది తెస్తానంటే, తొందరేం లేదు, ఎండలు తగ్గనీ అంది.

ఒక ఉదయం నేను బాత్రూం వెనకాల గోడచాటున నా మూడు పనులు చేస్తుంటే రూప బకెట్టుతో వచ్చింది. నేను గబుక్కున తల ఎత్తాను.

"ఏం జేస్తున్నవన్నా?" అంది.

"యోగా" అన్నాను.

"గా యోగా నాకూ వొస్తది. బడిల జేపిచ్చిండ్రు గద" అని బకెట్టు నింపుకుని వెళ్లిపోయింది. అమ్మతో చెప్పేస్తుందేమోనని ఆ రోజంతా వంటింట్లో మాటలు చెవి పెట్టి విన్నాను. చెప్పలేదు.

మర్నాడు బస్సెక్కి నల్గొండ వెళ్లాను. ఎక్స్‌రే తీసే చోట టోకెన్ తీసుకుని బల్లమీద కూర్చున్నాను. నా నంబరు పద్నాలుగు. పదకొండో నంబరు మనిషి లోపలి నుంచి కవరు పట్టుకుని బయటికొచ్చాడు, నాకంటే చిన్నవాడు, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. పన్నెండు పిలిచారు. పదమూడు పిలిచారు. నేను లేచి టోకెన్ కిటికీలో పెట్టి బస్టాండుకు నడిచాను. తెలియకపోతే లేనట్టే అన్నంత తెలివితక్కువవాణ్ణి కాదు. కాని ఆ రోజు నా కాళ్లు ఆ తెలివితక్కువతోనే నడిచాయి.

షూట్ ఏప్రిల్ ఇరవై మూడున. హైదరాబాదు నుంచి పూజ అనే మోడల్ రావాలి. ముందు రోజు సాయంత్రం ఖిల్లాలో ట్రయల్ పెట్టుకున్నాను. చీర రంగు ఆ వెలుగులో ఎలా పలుకుతుందో, నిజంగా ఒక మనిషి కట్టుకుంటే తప్ప తెలియదు. రూపను రమ్మన్నాను. సంబరంగా వచ్చింది. నేరేడుపండు రంగు చీర, ఎర్రంచు. తను కుట్టుకున్న ఎర్ర జాకెట్టు వేసుకుంది. కంపెనీ నుంచి వచ్చిన రఘుపతి అనే పెద్దాయన చీరల పెట్టెల దగ్గర కింద కాపలా ఉన్నాడు. మేమిద్దరం పై ద్వారం దాకా ఎక్కాం.

అయిదున్నర దాటింది. నేను రాసుకున్నట్టే వెలుగు ద్వారం పక్క రాళ్లమీదికి వచ్చింది. రూపను పై మెట్టు మీద నిలబెట్టి నేను నాలుగు మెట్లు కిందికి దిగాను. కెమెరాలో నా చెల్లెలు నాకు తెలియని మనిషిలా ఉంది. ఇన్నేళ్లూ ఈ పిల్లను ఒక్క ఫొటో కూడా సరిగ్గా తీయలేదే అనిపించింది. చేతులు తల వెనక పెట్టమన్నాను. కుడి చేయి వెళ్లింది. ఎడమ మోచేయి సగంలో ఆగింది. జాకెట్టు బిగుతేమో అనుకున్నాను. సరే, చేతులు వదిలేసి గదవ కిందికి దించు, నీ పాదాల వైపు చూడు అన్నాను.

ఆమె కళ్లు మాత్రం దించింది.

"కండ్లు గాదు రూపా, తల."

కొంచెం దిగింది. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం అన్నాను. సిగ్గుపడుతోందనుకుని కెమెరా మెడలో వేసుకుని మెట్లెక్కాను. మోడల్ తల సరిచేసేటప్పుడు చేసినట్టే, తల వెనక అరచేయి ఆనించి మెల్లగా ముందుకు వంచాను. ఆగింది.

ఆ ఆగడం నా చేతికి తెలుసు. నాయినకు గడ్డం గీసే ప్రతి ఆదివారం తెలిసినదే. చేయి తీయాలని కూడా తోచలేదు, అలాగే పెట్టుకుని నిలబడ్డాను.

"గంతే వొస్తదన్నా" అంది రూప.

ఎప్పటి నుంచి అని అడిగాను. పోయిన వానాకాలం నుంచట. మొదట మిషన్ మీద వంగితే నొప్పి అనుకుందట. దీపావళి నాటికి వంగడమే మానేసిందట. బెల్టు తెగలేదు. ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగితే కిందున్న ఊరివైపు చూసింది. చూడటానికి తల తిప్పలేదు, మనిషే తిరిగింది.

"అమ్మకు జెప్తె ఏమైతది? నాయిన బోరు మీదికి పోతది మాట. ఇంగ ఆయన బతుకుతడా?" అంది. తర్వాత నన్ను ఓదార్చినట్టుగా, "నువ్వు పరేషాన్ గాకు. నిన్ను గోడెనక జూసిన. నీది ఉత్త మెడ పట్టుడే, కెమెరా బరువుకు. నాది గట్ల లేదు" అంది.

నేను మెట్లు దిగాను. ఏం చేయాలో తెలియనప్పుడు నేను చేసేది ఒక్కటే, కెమెరా కంటికి పెట్టుకోవడం. కింది నుంచి చూస్తే ఆమె అలా తల ఎత్తే ఉంది, కళ్లు మాత్రం నావైపు దించి. పెదవులు మూసి ఉన్నాయి. వెనక రాళ్లమీద ఆఖరి వెలుగు. ఒక్కటి తీశాను. రెండోది తీయకుండా కెమెరా సంచిలో పెట్టేశాను.

మర్నాడు పూజ వచ్చింది, మంచి పిల్ల, ఏం చెప్పినా చేస్తుంది. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని, నలభై చీరలూ తీశాను. ఒక్కసారి కూడా గదవ దించమని అనలేకపోయాను. ఊరికే నిలబడు, నడువు, కూర్చో అన్నాను. మీ మార్కు భంగిమలు ఏమయ్యాయి అని స్నిగ్ధ గారు అడిగారు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను. ఆ సాకు అతకలేదని నాకే తెలుసు.

ఆ వారమే రూపనూ నన్నూ ఒకే రోజు ఎక్స్‌రే తీశారు. బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇచ్చాం. డాక్టరు ముందు నాది చూసి, నీకేం లేదయ్యా, కండరాలు పట్టేశాయి, బరువు ఒకవైపే మోయకు అన్నాడు. ఆ మాట వినగానే నాకు సంతోషమైంది. పక్కనే నా చెల్లెలు కూర్చుని ఉంది, ఆమె కవరు ఇంకా విప్పలేదు, నాకు సంతోషమైంది. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

రూప ఎక్స్‌రేను ఆయన వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. వచ్చింది పోదన్నాడు. ఆ నీళ్లు ఇవాళే ఆపేస్తే ఇక్కడితో ఆగొచ్చు, నొప్పి కొంత తగ్గొచ్చు, ఆపకపోతే మీ నాన్నను చూస్తున్నారుగా అన్నాడు. గదవకూ ఛాతీకీ మధ్య ఎన్ని వేళ్లు పడుతున్నాయో రోజూ పెట్టి చూసుకోమన్నాడు. అక్కడే పెట్టి చూపించింది. మూడు వేళ్లు. నీళ్ల కాగితం రెండు రోజులకు వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదట. మా బోరులో ఆరు దాటింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని పొలానికి వెళ్లాను. నాయిన బోరు దగ్గర గట్టుమీద కూర్చుని ఉన్నాడు. దారంతా వెనక్కి తిరుగుదామనిపించింది. ఆయన పక్కన కూర్చుని, రూప సంగతి మొదట చెప్పాను, తర్వాత కాగితం చదివాను. మోటరు నడుస్తోంది. నీళ్లు పైపులోంచి తెల్లగా పడుతున్నాయి. ఆయన చేయి చాపి ఆ నీళ్లలో పెట్టి, అలాగే ఉంచాడు.

"గీ నీళ్లేనా కొడుకా?" అన్నాడు.

అవునన్నాను.

నేలవైపు చూస్తూనే, "నీ పొట్టకు పడవంటివి. నీకు ముందే ఎరికేనా?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. నాకు అబద్ధాలు బాగానే వచ్చు, శిల్పాల పేరు చెప్పి ఇన్నేళ్లు బతికాను. కాని ఆ చేయి నీళ్లలోనే ఉంది. "అనుమానముండె నాయినా. అనేతందుకు భయమైంది" అన్నాను.

తిడతాడని, కొడతాడని కూడా ఆశపడ్డాను. ఆయన లేచి మోటరు ఆపి ఇంటి దారి పట్టాడు. ఆయన అడుగులో అడుగేస్తూ నేను వెనక నడిచాను. ఇంట్లో అమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే బిందెలూ కుండలూ అన్నీ వాకిట్లో బోర్లించి తోమింది. సాయంత్రానికి ఇంట్లో అందరివీ ఒకే చెంబు నీళ్లు.

మర్నాడు పొద్దున నాయిన కనిపించలేదు. పొలానికి పరుగెత్తాను. ఆయన బోరు దగ్గర ఉన్నాడు. దుకాణం నుంచి ఎర్రరంగు డబ్బా, కుంచె తెచ్చుకుని పైపుకు పూస్తున్నాడు. వంగిన మెడతో ఆయనకు కనిపించినంత ఎత్తు దాకా మాత్రమే ఎరుపు పడింది, పైన పైపు పాత రంగులోనే ఉంది. పైన నేను పూస్తానన్నాను. కుంచె నా చేతికిచ్చి పక్కకు జరిగాడు. పూత అయ్యాక, కూలికొచ్చినోళ్లకు గూడ చెప్పాలె, పంటకే తప్ప తాగొద్దని, అన్నాడు.

మే నెలలో స్నిగ్ధ గారికి ఫొటోలన్నీ పంపాను. ట్రయల్‌లో తీసిన ఆ ఒక్కటీ పొరపాటున వాటిలో కలిసిపోయింది. రెండు రోజులకు ఫోన్. ఆ నేరేడు రంగు చీర అమ్మాయి ఎవరు, హోర్డింగుకు అదే కావాలి, ఆ తల ఎత్తిన తీరు మామూలుగా లేదు, ఎంత ధీమా ఉంది ఆ పిల్లలో అన్నారు. అది అమ్మే ఫొటో కాదని చెప్పి పెట్టేశాను. విషయం తెలిసి రూప నన్ను తిట్టింది. పళ్లు కనబడతలేవు గద, ఇయ్యి అంది. తల ఎందుకు దించలేదో వాళ్లకు తెలియదు కదా రూపా అన్నాను. "నాకెరికే గద" అంది. ఇచ్చాను.

జూన్ మొదట్లో నార్కట్‌పల్లి చౌరస్తాలో పెట్టారు. నలుగురం ఆటో మాట్లాడుకుని వెళ్లాం. అప్పటికింకా చినుకు పడలేదు, రోడ్డు మీద ఎండ కాలుతోంది. లారీలకు పైన, కరెంటు తీగలకు పైన, మా రూప. నేను భయపడ్డంత దిగులు ఆ మొహంలో లేదు. కొబ్బరిబోండాల బండి దగ్గర ఇద్దరు మనుషులు పైకి చూస్తూ, ఎవలో గని గట్టి పిల్ల, అనుకున్నారు. అమ్మ కొంగుతో నోరు మూసుకుని చూస్తోంది.

నాయిన మాత్రం ఆటో పక్కన నేలను చూస్తూ నిలబడి ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆయన తల ఎత్తలేడు. ఎనభై కిలోమీటర్లు తీసుకొచ్చి, ఆ సంగతి నలుగురిలో ఒక్కరం కూడా అనుకోలేదు. ఫోనులో చూపిస్తానని జేబులో చేయి పెట్టాను. వద్దన్నాడు. బస్‌షెల్టరు బయట సిమెంటు బల్ల ఉంది. దాని దగ్గరికి నడిచి, మెల్లగా ఒరిగి, కాళ్లు ముడుచుకుని వెల్లకిలా పడుకున్నాడు. బస్సుకు నిలబడ్డవాళ్లు ఏమైందోనని జరిగారు. ఆయన తువ్వాల తల కింద పెట్టుకుని, ఆకాశం వైపు తిరిగి, తన బిడ్డను చూశాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత, "రూపా" అని పిలిచాడు.

రూప బల్ల పక్కకు వచ్చి నిలబడింది. తల వంచితే ఆయన కనిపిస్తాడు, కాని తల వంగదు. అందుకని చీర కుచ్చిళ్లు దగ్గరకు తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె మొహం ఆయన మొహం పక్కకు వచ్చింది.

"ఇయ్యాల ఎన్ని వేళ్లు పట్టినయి బిడ్డా?" అన్నాడు.

ఆమె వేళ్లు గదవ కింద పెట్టుకుంది. నేను కూడా లెక్కపెట్టాను. ఆ వేళ్లకు నాలుగోది తోడవుతుందేమోనన్న భయం నాకు ఇప్పటికీ పోలేదు, రోజూ పొద్దున ఆమె ఫోను వచ్చేదాకా పోదు.

"మూడే నాయినా."

"నిన్న?"

"నిన్న గూడ మూడే."

ఆయన మళ్లీ పైకి చూశాడు. బస్సొచ్చింది, జనం ఎక్కారు. మేం ఇంకాసేపు అక్కడే ఉన్నాం.